ప్రియదర్శినిలో రేవతికి నగలే ఎందుకు కనిపించాయి?

(ఒక శాఖా గ్రంథాలయం మేడ మీద జరిగిన సాయంకాలపు సభలో చేసిన ప్రసంగానికి రాతప్రతి. చివర శ్రోతలతో జరిగిన మాటలు కూడా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా కాగితాలు ఎగిరిపోయేలా ఉన్నాయి. కాగితాలు చూసి కంగారు పడకండి, అన్నీ చదవను.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ "ప్రముఖ సినీ విమర్శకులు" అన్నారు. ఆ మాట మా ఇంట్లో చెల్లదు. మా ఆవిడ లెక్కలో నేను పద్నాలుగేళ్లపాటు టికెట్టు కొనకుండా సినిమాలు చూసిన మనిషిని, అంతే. అందులో అబద్ధమూ లేదు. ఒక పత్రికలో ప్రతి శుక్రవారం సమీక్ష రాసేవాణ్ణి. ఏ పత్రికో అడక్కండి. మార్నింగ్ షో చూసి, మధ్యాహ్నం మూడింటికల్లా నాలుగు వందల మాటలు చేతికివ్వాలి. డెస్కులో ఉన్నాయన మంచివాడే గానీ ఒకే ప్రశ్న అడిగేవాడు: "అవన్నీ సరేనండీ, ఆడుతుందా ఆడదా?" ఆడుతుందో లేదో చెప్పడానికి నేనేమన్నా సోది చెప్పేవాణ్ణా?

తర్వాత స్టార్లు వచ్చాయి. ఐదుకి మూడు, ఐదుకి రెండున్నర. అక్కడితో ఆగారా? ఐదుకి రెండు ముప్పావు! ఆ పావు ఎక్కడిదండీ? కిరాణా కొట్లో చింతపండు తూచి, చివర్లో ఇంకో రెబ్బ పడేసినట్టు. ఎవరినో అనడం దేనికి, నేనూ ఇచ్చాను. ఒక సినిమాకి రెండున్నర రాసిచ్చాను. పొద్దున్నే పేపరు చూస్తే రెండు ముప్పావు ఉంది. ఏమిటంటే, ప్రకటనల విభాగం వాళ్లు వచ్చి నించున్నారట. ఆ పావు స్టారు ఇప్పటికీ నా లెక్కలో తేలలేదు. (నవ్వులు)

"సినిమా ఎలా ఉంది?" అని మనం అడిగే తీరు, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగే తీరు, రెండూ ఒకటే. "బానే ఉంది, సెకండాఫ్ కాస్త లాగ్" అంటాడు అవతలివాడు. ఇద్దరికీ సరిపోతుంది. అందులో సినిమా గురించి ఏదో ఉంది గానీ చూసిన మనిషి లేడు. నువ్వు ఏడ్చావా? ఎక్కడ ఏడ్చావు? పక్కన ఎవరున్నారు, వాళ్లకి కనబడకుండా కళ్లెలా తుడుచుకున్నావు? ఎవరి మీద నవ్వావు? ఇలాంటివి ఎవరూ అడగరు. అడిగితే కొడతారు. నాకు మాత్రం విమర్శ అక్కడే మొదలవుతుందనిపిస్తుంది. ఇది కూడా ఉద్యోగం మానేశాక అనిపించింది లెండి.

మనకి విమర్శకులు లేక కాదు. కొడవటిగంటి కుటుంబరావుగారు కథలూ నవలలే కాదు, సినిమాల మీద కూడా విస్తారంగా రాశారు. ముళ్లపూడి వెంకటరమణగారు ఆంధ్రపత్రికలో సమీక్షలు రాశారు, సినిమా లోకం మీద చురకలు వేశారు, చివరికి తనే సినిమా రచయిత అయ్యారు. ఆ ఇంటిని అంత వెక్కిరించి చివరికి ఆ ఇంటికే ఇల్లరికం వెళ్లినట్టు! కానీ తెరమీద విమర్శకుడంటే నాకు మొదట గుర్తొచ్చేది 'సాగరసంగమం'. విశ్వనాథ్‌గారిది, 1983. కమల్‌హాసన్ వేసిన బాలు నాట్యం చెయ్యాల్సినవాడు, చెయ్యలేకపోయినవాడు, తాగుడికి బానిసై పత్రికలో నాట్య సమీక్షలు రాసుకుంటూ బతుకుతుంటాడు. ఒకమ్మాయి నాట్యం బాగాలేదని రాస్తాడు. రాసినందుకు గొడవవుతుంది. అప్పుడు అతను వాదించడు. లేచి, ఆ పాటలో ఒక్క పంక్తినే ఒక్కో నాట్యశైలిలో ఎలా పట్టాలో చేసి చూపిస్తాడు. నాకు ఆ సీను చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది. నేను "దర్శకత్వం ఫరవాలేదు" అని రాసిన వందల వాక్యాల్లో ఒక్కదానికి కూడా లేచి చేసి చూపించగలిగేది ఏమీ లేదు. సరే, నాకు నాట్యం రాదు. ఒక సీను దగ్గర ఆగి, అక్కడ ఏం జరిగిందో ఓపిగ్గా చెప్పడం మాత్రం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. ఇవాళ ఆ ప్రయత్నమే చేస్తాను. ఒక సినిమా, అందులో ఒక పెట్టె.

సినిమా 'మాయాబజార్'. ఆ నవ్వెందుకో నాకు తెలుసు. "మళ్లీ మాయాబజారేనా" అని కదా? మళ్లీ అదే. 1957 మార్చి 27న వచ్చింది. 2010లో రంగులద్ది వదిలితే మళ్లీ జనం వెళ్లారు. ఇంతమందిమి ఇన్నిసార్లు చూసిన సినిమా గురించి ఇంకా చెప్పడానికి ఏముందంటే, చూడంగా చూడంగా మనం చూడటం మానేసిన చోట్లు కొన్ని ఉన్నాయి.

పెట్టె పేరు ప్రియదర్శిని. మూత తీసి ఎవరు చూస్తే వాళ్లకి ఇష్టమైనది కనిపిస్తుంది. బలరాముడి కూతురు శశిరేఖ చూస్తే అభిమన్యుడు. బలరాముడు చూస్తే దుర్యోధనుడు, ఆయన ముద్దుల శిష్యుడు. బలరాముడి భార్య రేవతి చూస్తే మణులూ నగలూ. కృష్ణుడు చూస్తే శకుని! ఈ కాలం పిల్లలు దాన్ని ల్యాప్‌టాప్ అనీ వీడియో కాల్ అనీ మీమ్స్ వేసుకుంటున్నారు, బాగానే ఉంది. నాకైతే ఆ పెట్టె సినిమాహాలే. అందరం ఒకే తెర వైపు చూస్తాం, ఎవరికి కనిపించేది వాళ్లకి కనిపిస్తుంది. హాల్లో చీకటిగా ఉంటుంది కాబట్టి మనకి కనిపించింది పక్కవాడికి తెలీదు. ద్వారకలో ఆ సౌకర్యం లేదు పాపం. అందరి ముందూ మూత తియ్యాలి.

నేను మొదటిసారి ఈ సినిమా చూసింది టూరింగ్ టాకీసులో. ఏడెనిమిదేళ్లుంటాయి. మా నాయనమ్మతో వెళ్లాను కాబట్టి ఆడవాళ్ల వైపు కూర్చోబెట్టారు. మధ్యలో తడిక, అటు మగవాళ్లు, ఇటు ఆడవాళ్లు, కింద ఇసక. నాకు కావలసింది ఘటోత్కచుడు. లడ్లు వాటంతటవే ఎగిరి వచ్చి ఎస్వీ రంగారావుగారి నోట్లో పడాలి, అదీ నా సినిమా. అది అయిపోయాక నిద్రపోవచ్చు అనుకున్నాను. నిద్రపోనివ్వలేదు. పెళ్లి సీను మొదలయ్యేసరికి నా చుట్టూ ఉన్న ఆడవాళ్లు మామూలుగా నవ్వడం లేదు. మా పెద్దత్తయ్య ఉండేది. ఇంట్లో ఆవిడ గొంతు వంటింటి గడప దాటి వినపడేది కాదు. మామయ్య భోజనానికి కూర్చుంటే తలుపు చాటునుంచి గరిటె ఒక్కటే కనిపించేది. ఆ పెద్దత్తయ్య ఆ రాత్రి తొడ చరుచుకుని నవ్వింది. కళ్లు పమిటతో తుడుచుకుంటోంది, మళ్లీ నవ్వుతోంది. నాకు భయమేసింది, ఈవిడకి ఏమన్నా అయిందేమో అని.

ఆ సీను మీ అందరికీ తెలుసు. పీటల మీద కూర్చున్నది శశిరేఖ కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే తెరమీద ఉన్నది సావిత్రి. ఆవిడ ఆడపిల్లగా ఉన్న రాక్షసుడిగా నటించాలి. ఒక్క క్షణం మగఠీవి బయటికొస్తుంది, వెంటనే జ్ఞాపకం వచ్చి సర్దుకుని సిగ్గు తెచ్చుకుంటుంది. పెళ్లికొడుకు, దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంది. రేలంగిగారి మొహం చూడాలి అప్పుడు! అరవనూ లేడు, చెప్పనూ లేడు. పెళ్లికూతురు తల వంచుకునే ఉంది, చూసేవాళ్లకి లక్షణంగానే ఉంది.

పెద్దత్తయ్య ఎందుకు నవ్విందో నాకు నలభై దాటాక తెలిసింది. ఆవిడ పెళ్లి సంగతి మా అమ్మ చెప్పింది. వరుణ్ణి పీటల మీదే మొదటిసారి చూసిందట. అది కూడా అక్షింతలు వేసుకునేటప్పుడు, ఓరగా. తల దించుకుని కూర్చోమన్నారు, కూర్చుంది. ఇష్టం లేని పెళ్లిపీటల మీద తల దించుకున్న ఆడపిల్ల లోపల ఒక ఘటోత్కచుడు ఉన్నాడని, ఆ కాలంలో బయటికి అనగలిగినవాళ్లెవరు? ఈ సినిమా అనలేదు కూడా. చూపించింది. తడికకి ఇటువైపు కూర్చున్న అందరికీ చూడగానే అందింది. అటువైపు మగవాళ్లూ నవ్వారు, వాళ్లు రేలంగిని చూసి నవ్వారు. ఒకే సీను, ఒకే నవ్వు, తడికకి అటొకటి ఇటొకటి సినిమా. మా మామయ్య తిరిగొస్తూ దారిలో "రేలంగి బలే చేశాడు" అన్నాడు. అత్తయ్య వెనకే నడుస్తోంది, మాట్లాడలేదు.

కాలేజీ రోజుల్లో మళ్లీ చూశాను. అప్పుడు కావలసింది పడవ పాట. ఆ వెన్నెల చందమామది కాదు, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ కాయించిన వెన్నెల. ఇంక దాని గురించి ఎక్కువ చెప్పను. ఇరవై ఏళ్ల వయసులో ఆ పాట చూసినవాడికి విమర్శ అక్కర్లేదు, పడవ కావాలి.

అసలు సంగతికి వస్తాను. రేవతి.

'మాయాబజార్'లో పాండవులు కనిపించరు. ఐదుగురిలో ఒక్కరు కూడా తెరమీదకి రారు. ఇది అందరూ చెప్పే విశేషమే, దర్శకుడు కె.వి.రెడ్డిగారి తెలివి అంటారు. తెలివి మాత్రమేనా? నాకేమనిపిస్తుందంటే, ఇది పాండవుల కథ కాదు. ఒక కుటుంబం చితికిపోతే చుట్టాలు ఎలా మారిపోతారన్న కథ. చితికిపోయినవాళ్లు ఆ ఇంట్లో కనిపించరు, వాళ్ల గురించిన కబురు మాత్రం వస్తుంది. జూదంలో అంతా పోయిందట. అడవులకి పోతున్నారట. అంతే, గుమ్మంలో నించున్న ఆడపడుచు మొహం వేరేగా కనపడటం మొదలవుతుంది. సుభద్రకి అన్న ఎప్పుడో మాటిచ్చాడు, నా కూతురు నీ కోడలే అని. ఆ మాట ఇప్పుడు బరువైపోయింది. దీన్ని మీరు పురాణం అంటారా? మన వీధిలో రెండిళ్ల అవతల జరిగిన సంగతి ఇది. కిరీటాలు తీసేస్తే ఒక మేనరికం చెడిపోయిన కథ.

ఆ చెడగొట్టిన పాపమంతా రేవతిది. ఛాయాదేవిగారు చేశారు. 'మాయాబజార్'కి యాభై ఏళ్లయిన సందర్భంగా 2007లో నేనొక పెద్ద వ్యాసం రాశాను. ఎన్టీ రామారావుగారికి ఒక పేరా, రంగారావుగారికి ఒక పేరా, పింగళివారి మాటలకి రెండు పేరాలు. రేవతికి ఒక వాక్యం: "గయ్యాళి పాత్రలో ఛాయాదేవి ఒదిగిపోయారు." అయిపోయింది. అది రాసిన చెయ్యి ఇదే.

నాలుగేళ్ల తర్వాత మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి నెమ్మదస్తుడు, బ్యాంకులో అప్పుడే చేరాడు. వాళ్ల నాన్నగారు ఒకప్పుడు రొయ్యల చెరువుల మీద బాగా బతికినాయన. వైట్ స్పాట్ అనే రొయ్యల రోగం వచ్చి చెరువులు దెబ్బతిన్నాయి. అప్పులకి పొలం పోయింది, డాబా పోయింది. అద్దింట్లో ఉంటున్నారు. ఇవేవీ దాచలేదు, ఆయనే కాఫీ తాగుతూ చెప్పారు. అబ్బాయీ మా అమ్మాయీ వరండాలో పది నిమిషాలు మాట్లాడుకున్నారు. వాళ్లు వెళ్లాక అమ్మాయి "మనిషి మాట బావుంది నాన్నా" అంది. ఆడపిల్ల అంతకన్నా ఏం చెప్తుంది? ఆ రాత్రి నేనూ మా ఆవిడా మంచం మీద కూర్చుని చాలాసేపు లెక్కలేసుకున్నాం. లెక్కలన్నీ తిరిగి తిరిగి "అద్దిల్లు" అన్న మాట దగ్గరికే వచ్చాయి. మర్నాడు ఫోన్ చేసి చెప్పాను: "జాతకాలు కుదరలేదండీ." అసలు జాతకాలు ఎవరికీ చూపించనే లేదు. ఆయనా "అలాగేనండీ, పర్లేదు" అన్నారు. ఆయనకి అర్థమైందని నాకు అర్థమైంది.

ఆ సంక్రాంతికి టీవీలో 'మాయాబజార్' వేశారు. అందరం హాల్లో ఉన్నాం. అమ్మాయి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సుభద్ర అన్న ఇచ్చిన మాట గుర్తుచెయ్యడం, రేవతి పెడముఖం పెట్టడం. ఎన్నిసార్లు చూసిన సీనండీ! అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది. ఒక్క క్షణం. కోపంగా కూడా కాదు. మళ్లీ చిక్కుడుకాయల్లోకి తల దించేసుకుంది. నేను రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించాను. ఎందుకు తగ్గించానో ఇప్పటికీ చెప్పలేను. సౌండ్ ఎక్కువగా ఏమీ లేదు.

మా అమ్మాయికి తర్వాత వేరే సంబంధం కుదిరింది. పుణెలో ఉంటుంది, ఇద్దరు పిల్లలు, బాగానే ఉన్నారు. ఆ విషయం మేమిద్దరం ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు. ఈ ప్రసంగం యూట్యూబులో పెడతాం అన్నారు కార్యదర్శిగారు. పెడితే చూస్తుంది.

ఆ రాత్రి నా 2007 వ్యాసం తీసి చదువుకున్నాను. "గయ్యాళి పాత్రలో ఒదిగిపోయారు." ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. అప్పట్నుంచి సినిమా చూసేటప్పుడు నాకొక అలవాటు పట్టుకుంది. హాలంతా ఎవరి మీద నవ్వుతోందో, ఎవర్ని అసహ్యించుకుంటోందో, కాసేపు ఆ పాత్ర పక్కన వెళ్లి కూర్చుంటాను. హీరో పక్కన కూర్చోడానికి చాలామంది ఉన్నారు. మన సంగతులు చాలావరకు ఈ వెలివాడలోనే దొరుకుతున్నాయి.

అలా కూర్చుని చూస్తే రేవతికి ఆ పెట్టెలో నగలే ఎందుకు కనిపించాయి? "ఆశపోతు" అనేసి నవ్వేసుకోవచ్చు, సినిమా కూడా నవ్వుకోమనే చెప్తుంది. కానీ ఆ సినిమా ఎప్పుడొచ్చిందో చూడండి. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్‌లో అమల్లోకొచ్చింది. 'మాయాబజార్' వచ్చేసరికి దానికి తొమ్మిది నెలలు. ఆ చట్టం కూడా ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కొడుక్కున్నట్టు పుట్టుకతో వచ్చే వాటా కూతురికి ఇవ్వలేదు. నేల టికెట్టులో కూర్చుని ఆ సినిమా చూసిన ఆడవాళ్లలో చాలామందికి పొలం లేదు, ఇల్లు లేదు, బ్యాంకు పుస్తకం లేదు. "ఇది నాది" అని చెప్పుకోడానికి ఉన్నది ఒంటిమీది బంగారమే. కష్టం వస్తే కుదవపెట్టేది అదే, కూతురికి పెట్టేది అదే, మొగుడు పోతే మిగిలేదీ అదే. అలాంటి మనిషిని పెట్టె మూత తీసి చూడమంటే ఏం కనిపిస్తుంది? బలరాముడికి శిష్యుడు కనిపించాడు, ఆయనకి రాజ్యముంది కాబట్టి. శశిరేఖకి ప్రియుడు కనిపించాడు, ఆమెకి ఇంకా ఏమీ తెలీదు కాబట్టి.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి. దేశం మొత్తానికి అలాంటిది రావడానికి 2005 దాకా పట్టింది. మరి 1985లో మనకి ముఖ్యమంత్రి ఎవరు? (శ్రోతల్లోంచి: "ఎన్టీఆర్!") అవును, 'మాయాబజార్'లో కృష్ణుడు! వదినగారి నగల పెట్టె చూసి నవ్విన మరిదే ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఆ చట్టం తెచ్చాడు. (నవ్వులు, చప్పట్లు) ఇది కాకతాళీయమే లెండి, దీన్ని విమర్శ అని ఎక్కడా రాయకండి. నాకు నచ్చి చెప్పాను.

ఇంకో సంగతి. మాట తప్పింది ఎవరు? బలరాముడు. చెల్లెలికి మాటిచ్చింది ఆయన, దుర్యోధనుడి పొగడ్తలకి పొంగి కూతుర్ని అటు ఇస్తానన్నదీ ఆయనే. కానీ హాల్లో ఎవరికీ బలరాముడి మీద కోపం రాదు. గుమ్మడిగారి మొహం అలాంటిది, చూస్తే పాపం అనిపిస్తుంది. "ఆయన భోళామనిషి, ఆవిడే ఎక్కించింది" అంటాం. మన ఇళ్లల్లో కూడా ఇదే తీర్పు. అన్నదమ్ములు విడిపోతే కోడళ్లు విడగొట్టారంటాం. నా విషయంలోనే చూడండి. జాతకాల అబద్ధం ఫోన్‌లో చెప్పింది నేను. మా చుట్టాల్లో ఇప్పటికీ ఏమంటారో తెలుసా? "వాళ్లావిడకి ఆ సంబంధం నచ్చలేదంట." నేను దిద్దలేదు. ఇవాళ దిద్దుతున్నాను.

టైమెంతైంది? సరే, ఇంకొక్క సినిమా చెప్పి ఆపేస్తాను. ఇది మనది కాదు, జపాన్‌ది. 1953లో యసుజిరో ఒజు తీసిన 'టోక్యో స్టోరీ'. కథ చెప్తే మీకు కొత్తగా ఏమీ అనిపించదు. ఒనోమిచి అనే చిన్న ఊళ్లో ముసలాయనా ముసలావిడా ఉంటారు. టోక్యోలో కాపురాలు పెట్టుకున్న పిల్లల్ని చూడ్డానికి రైలెక్కి వెళ్తారు. కొడుకు డాక్టరు, తీరిక లేదు. కూతురు షిగే బ్యూటీ పార్లర్ నడుపుతుంది, ఆమెకీ తీరిక లేదు. యుద్ధంలో పోయిన ఇంకో కొడుకు భార్య, నొరికో, ఆమె ఒక్కతే ఆఫీసుకి సెలవు పెట్టి ఊరు చూపిస్తుంది. పిల్లలు డబ్బులేసుకుని అమ్మానాన్నల్ని ఒక వేడినీళ్ల బుగ్గల ఊరికి పంపించేస్తారు. అక్కడ రాత్రంతా గోల, నిద్రపట్టదు, వచ్చేస్తారు. "అప్పుడే వచ్చేశారేంటి" అంటుంది షిగే. ఆ రాత్రి వాళ్లింట్లో ఏదో మీటింగ్ ఉంది మరి. తర్వాత ఇద్దరూ ఊరికి వెళ్లిపోతారు, ముసలావిడ పోతుంది. అంతే కథ.

మా పక్కింటాయన అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చాడు. "ఎలా ఉందండీ?" అన్నాను. "రోడ్లు బావున్నాయి" అన్నాడు. ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒజు సినిమాలో ముసలాళ్లు కూడా అలాగే. మన పిల్లలు నయమే, మనం అదృష్టవంతులమే అని ఒకరికొకరు సర్దిచెప్పుకుంటారు. ఎక్కడా గొంతు పెంచరు. కెమెరా చాపమీద కూర్చున్న మనిషి ఎత్తులో ఉంటుంది, దాదాపు కదలదు. మనం కూడా ఆ ఇంట్లో ఒక మూల కూర్చుని, కల్పించుకోలేక చూస్తున్నట్టుంటుంది.

నేను షిగే గురించి చెప్పాలి. హరుకో సుగిమురా అనే ఆవిడ చేశారు. అమ్మానాన్నల కోసం మొగుడు మంచి మిఠాయి కొనుక్కొస్తే "అంత ఖరీదైనవి వాళ్లకెందుకు" అంటుంది. తల్లికి సీరియస్‌గా ఉందని టెలిగ్రామ్ వస్తే, ఎందుకైనా మంచిదని చావుబట్టలు కూడా పెట్టుకుని బయల్దేరుతుంది. తల్లి పోగానే ఏడుస్తుంది, నిజంగా ఏడుస్తుంది, నటన కాదు. కర్మ అయ్యాక అందరూ భోజనాల దగ్గర కూర్చుంటారు. అప్పుడు షిగే, తింటూ తింటూ, అమ్మ బట్టల్లో ఫలానా నడుంపట్టీ, ఫలానా కిమోనో జ్ఞాపకంగా నేను తీసుకుంటాను అంటుంది. హాల్లో అందరం "ఛీ" అనుకుంటాం.

అనుకున్నాను నేను కూడా, మొదటిసారి. తర్వాత మా అమ్మ పోయింది. పదకొండో రోజు, ఇంకా చుట్టాలు వెళ్లనే లేదు, మా అక్క అమ్మ బీరువా తాళాలు ఎక్కడున్నాయని అడిగింది. నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోయాను. అది తలుపు తీసి, నగలవైపు చూడకుండా, ఒక పాత గద్వాల చీర తీసి మొహానికి ఆనించుకుని అలాగే నించుంది. నేను బయటికొచ్చేశాను. షిగే మనసులో కూడా అదే ఉందని నేననను. ఆమెకి కిమోనో మీద ఆశే ఉండొచ్చు. రెండూ ఉండొచ్చు కూడా. ఏడుపు నిజమే, కిమోనో కావాలన్నదీ నిజమే. ఒజు రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏమీ అనకుండా కూర్చుంటాడు. ఐదుకి ఎంత ఇస్తారు దీనికి?

నేనింక ఆపుతాను. ఏమన్నా అడగాలనుకుంటే అడగండి.

ఒక విద్యార్థి: సార్, అయితే రేవతిది తప్పు కాదంటారా?

తప్పే బాబూ. నాదీ తప్పే. తప్పని తేల్చడానికి విమర్శకుడు అక్కర్లేదు, ఘటోత్కచుడు చాలు.

అదే విద్యార్థి: మరి ఇప్పుడు హాలు బయట మైకులు పెట్టి రివ్యూలు అడుగుతారు కదా, వాటి గురించి?

నేను చూస్తాను. "బ్లాక్‌బస్టర్ అన్నా" అని అరిచేవాణ్ణి కాదు, వాడి వెనకాల ఏమీ మాట్లాడకుండా నడుచుకుంటూ వెళ్లిపోయేవాళ్లని చూస్తాను. మైకు వాళ్ల దగ్గరికి వెళ్లదు, వెళ్లినా వాళ్లు చెప్పరు. ఇంకెవరైనా? అదుగో, ఆ గోడ పక్కన పెద్దావిడకి మైకివ్వండి.

ఒక పెద్దావిడ: మైకొద్దు, వినపడుతుందిలే. బాబూ, లాహిరి లాహిరి పాటలో పడవ ఎవరెవరు ఎక్కారో చెప్పు.

శశిరేఖా అభిమన్యుడూ. తర్వాత కృష్ణుడూ రుక్మిణీ. ఆ తర్వాత బలరాముడూ రేవతీ.

పెద్దావిడ: మరి చెప్పవేం? ఇందాకట్నుంచి నగలూ నగలూ అంటున్నావు. ఆవిడా ఎక్కింది కదా, అదే పడవ, అదే వెన్నెల, పక్కన మొగుడు. పెట్టెలో అది ఎందుకు కనబళ్లేదంటావు?

(కాసేపు నిశ్శబ్దం)

తెలీదమ్మా. ఇంటికెళ్లి మళ్లీ చూడాలి.

పెద్దావిడ: చూడు. చూసి వచ్చే నెల చెప్పు.